పాత ఫైలు తెరుచుకోవట్లేదా? ఏ రకం బిట్ రాటో ముందు తేల్చుకోండి

ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని ఫైలు తెరవబోతే తెరుచుకోదు. వెంటనే "బిట్ రాట్" అనేస్తారు. కానీ ఆ ఒక్క పేరుతో మూడు వేర్వేరు సమస్యలు చెలామణి అవుతున్నాయి. డిస్కులోనో పెన్‌డ్రైవ్‌లోనో నిల్వ ఉన్న బిట్లే తారుమారు కావడం ఒకటి. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా, దాని చుట్టూ ఆపరేటింగ్ సిస్టమ్, లైబ్రరీలు మారిపోయి అది నడవకపోవడం రెండోది. బిట్లన్నీ క్షేమంగానే ఉండి, వాటిని చదవాల్సిన సాఫ్ట్‌వేరో ఫాంటో కనుమరుగైపోవడం మూడోది. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. తొందరపడి వేస్తే మిగిలిన మంచి కాపీ కూడా పోవచ్చు.

కాబట్టి ముందు తేల్చాల్సింది: బిట్లు మారాయా, లేదా? సైజు, తేదీ చూసి నిర్ణయించకండి. డిస్కులో బిట్ తిరగబడినప్పుడు ఆ రెండూ మారవు. హ్యాష్ తీయాలి, అంటే ఫైలులోని బిట్లన్నిటి నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది. షా-256 అనే పద్ధతి అయితే ఫైలు ఎంత పెద్దదైనా అక్షరాలూ అంకెలూ కలిపి 64 గుర్తుల వరుస వస్తుంది, ఒక్క బిట్ మారినా ఆ వరుస మొత్తం వేరేగా ఉంటుంది. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ (Get-FileHash) కమాండ్ పక్కన ఫైలు పేరు ఇవ్వండి. లినక్స్‌లో షా256సమ్ (sha256sum) ఉంది. పాత బ్యాకప్ కాపీకీ ఇదే చేసి పోల్చండి. రెండూ ఒకటే వస్తే, బ్యాకప్ ఫైలు పాడవకముందే తీసినదైతే, డిస్కును వదిలేసి నేరుగా రెండో, మూడో రకం వైపు వెళ్లండి.

వేరుగా వచ్చాయా? కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ తీయండి. రీస్టార్ట్ ఎందుకంటే, ఇంతకుముందు చదివిన ఫైలు ర్యామ్‌లో ఉండిపోయి డిస్కు దాకా వెళ్లకుండానే జవాబు రావచ్చు. ఒకే ఫైలుకి ఒక్కోసారి ఒక్కో హ్యాష్ వస్తుంటే తప్పు సాధారణంగా నిల్వ ఉన్న బిట్లది కాదు, ర్యామ్‌దో కేబుల్‌దో. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ఒక రాత్రంతా నడపండి. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాల్లో 199వ నంబరు పెరుగుతుంటే సాటా కేబుల్ మార్చండి, కొత్త డిస్కు కొనక్కర్లేదు. 5, 197 నంబర్లు పెరుగుతుంటే మాత్రం ఇంకే పరీక్షలూ పెట్టుకోకుండా ముందు డేటా బయటికి తీయండి.

ఎస్‌ఎస్‌డీలో బ్యాకప్ తీసి అల్మారాలో పెట్టేసే అలవాటు మంచిది కాదు. ఫ్లాష్ చిప్‌లో బిట్ అంటే బంధించి ఉంచిన విద్యుదావేశం, అది మెల్లగా కారిపోతుంది. రాత పరిమితి పూర్తిగా వాడేసిన మామూలు ఎస్‌ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఏడాది పాటు డేటా నిలిపితే చాలన్నదే మెమరీ చిప్‌లకు ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ ప్రమాణం. కొత్త డ్రైవ్ అంతకంటే చాలా ఎక్కువే ఆగుతుంది గానీ, వేడి పెరిగేకొద్దీ గడువు తగ్గుతుంది. మన ఎండాకాలం సంగతి తెలిసిందే. దీర్ఘకాలం దాచడానికి హార్డ్ డిస్కే మేలు.

మంచి కాపీ దొరికాక దాన్ని కాపాడుకోవడంలోనే చాలామంది బోల్తా పడతారు. బ్యాకప్ కాపీలకు వాడే ఆర్‌సింక్ ప్రోగ్రామ్ మామూలుగా సైజు, తేదీ మాత్రమే పోల్చి చూస్తుంది. అంటే అసలు డిస్కులో బిట్ తిరగబడిన ఫైలును అది పట్టించుకోదు, బ్యాకప్‌లోని మంచి కాపీ అలాగే ఉండిపోతుంది. జాగ్రత్త కోసమని, హ్యాష్ లాగే లోపలి డేటాను లెక్కగట్టి పోల్చే చెక్‌సమ్ ఆప్షన్ పెట్టి నడిపారో, తేడా కనిపెట్టి పాడైన ఫైలును మంచిదాని మీద రాసేస్తుంది! చెక్‌సమ్ వాడాలంటే పక్కనే డ్రై-రన్, ఐటమైజ్-చేంజెస్ ఆప్షన్లు కూడా పెట్టండి. అప్పుడు ఏమీ రాయకుండా జాబితా మాత్రమే ఇస్తుంది. తేదీ మారకుండా లోపలి డేటా మారిన ఫైళ్లే మీ అనుమానితులు.

హ్యాష్ జబ్బును చెబుతుందే తప్ప నయం చేయదు. నయానికి పార్2 ఉంది: విండోస్‌లో మల్టీపార్, లినక్స్‌లో పార్2 కమాండ్. 10 శాతం రికవరీ అని ఇస్తే 4 జీబీ ఫోల్డర్‌కి దాదాపు 400 ఎంబీ అదనపు ఫైళ్లు తయారవుతాయి, ఆ మేరకు చెడిన ముక్కల్ని వాటితో తిరిగి కట్టుకోవచ్చు. జేపెగ్ ఫోటోలకు ఇది తప్పక చేయండి. కుదించిన డేటాలో ఒక్క బిట్ పోయినా అక్కడి నుంచి కింది భాగమంతా రంగులు మారి చారికలు పడొచ్చు. డేటాకి చెక్‌సమ్ ఉంచే జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లు వాడేవాళ్లు నెలకోసారి స్క్రబ్ నడపాలి, అంటే డేటా అంతా చదివించి సరిచూడాలి. డేటాకి ఒకే కాపీ ఉన్న ఒంటరి డిస్కు మీద స్క్రబ్ తప్పును చూపించగలదే తప్ప సరిచేయలేదు. దానికి అదే డేటా ఇంకో కాపీ కావాలి, ఉదాహరణకు మిర్రర్‌గా పెట్టిన రెండో డిస్కు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 అయితే ఫైలు లోపలి డేటాకి చెక్‌సమ్ ఉంచవు.

రెండో రకానికి డిస్కు మరమ్మతుతో పనిలేదు. విండోస్ 3.1 కాలపు 16-బిట్ ప్రోగ్రామ్ 64-బిట్ విండోస్‌లో నడవదు. వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌లో, 32-బిట్ విండోస్ పెట్టి నడపండి. 2020 జనవరి 1తో పైథాన్ 2 ప్రోగ్రామింగ్ భాషకి మద్దతు ఆగింది కాబట్టి పాత స్క్రిప్టులదీ ఇదే కథ. మీరు రాసిన కోడ్ అయితే లైబ్రరీల వెర్షన్లు కచ్చితంగా రాసిపెట్టి, వాటి ప్యాకేజీలను కూడా కోడ్‌తో పాటే దాచండి. వెర్షన్ నంబరు ఉండి, డౌన్‌లోడ్ దొరక్కపోతే ఏం లాభం?

మూడో రకం తెలుగు డీటీపీ సెంటర్లలో అడుగడుగునా కనిపిస్తుంది. యూనికోడ్ వ్యాప్తికి ముందు అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కట్టిన పుస్తకాలు సీడీల నిండా ఉన్నాయి. వాటిలో దాచింది తెలుగు అక్షరాల కోడ్‌లు కాదు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడ్‌లు. ఫాంటు ఉంటేనే తెలుగు, లేకుంటే చెత్త. అలా కనబడగానే ఫైలు పాడైందని పారేయకండి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చిన 7.0. ఆ ఫైళ్లను పేజీలు కట్టే మరో సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ సీఎస్6 వెర్షన్ వరకే తెరుస్తుంది, తర్వాతి వెర్షన్లు తెరవవు. పాత మెషీన్ నడుస్తున్నప్పుడే మూడు పనులు చేయండి: ఫాంటు ఫైళ్లను డాక్యుమెంట్ల పక్కనే కాపీ చేయడం, ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ తీయడం, అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చడం.

కన్వర్టర్‌కి ఫాంటు పేరు సరిగ్గా చెప్పాలి, ఒక్కో ఫాంటు కుటుంబానికి ఒక్కో కోడ్ పట్టిక ఉంటుంది. పీడీఎఫ్ నుంచి కాపీ చేసుకోవచ్చులే అనుకోకండి, చాలాసార్లు అక్కడా ఆ ఇంగ్లీషు గుర్తులే వస్తాయి. ఇక దారి లేకపోతే పేజీని బొమ్మగా తీసి బొమ్మలోని అక్షరాలను గుర్తించే టెసరాక్ట్ తెలుగు ఓసీఆర్‌కి ఇవ్వొచ్చు. ఏ దారిలో మార్చినా వత్తులు, అంకెలు, విరామ చిహ్నాలు కంటితో సరిచూడాల్సిందే. ముందు ఒక్క పేజీ మార్చి, "స్త్రీ", "రాష్ట్రం", "లక్ష్మి" వంటి మాటలు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకుని ఆ తర్వాతే పుస్తకమంతా మార్చండి.