పురాతన అడవిలో తేలికపాటి నడక

బ్రిటన్‌లో ఒక అడవిని పురాతన అడవి అని పిలవడానికి అందులోని చెట్లు ముసలివై ఉండాలనే నియమం లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1600 నుంచి, స్కాట్లండ్‌లో 1750 నుంచి ఎన్నడూ పొలంగానో పచ్చికబయలుగానో మారకుండా అడవిగానే నిలిచిన నేలకు ఆ పేరు వర్తిస్తుంది. అలాంటి నేల ఇప్పుడు బ్రిటన్ విస్తీర్ణంలో సుమారు 2.5 శాతమే మిగిలింది. అందులో ప్రకృతి రక్షిత వనాలుగా కాపాడుతున్నవాటిలో చాలాచోట్ల నడకకు సులువైన చిన్న దారులున్నాయి. చిన్నపిల్లలతో వెళ్లేవారు, మోకాళ్ల నొప్పులున్నవారు, ఎన్నడూ అడవిలో నడవనివారు కూడా కొద్దిపాటి సన్నాహంతో ఈ వనాలను చూసి రావచ్చు.

ముందుగా తెలుసుకోవలసింది నేల గురించి. ఈ అడవిలో అన్నిటికంటే పాతది చెట్టు కాదు, దాని కింది మట్టి. శతాబ్దాలుగా దున్నకం ఎరుగని ఆ మట్టిలో శిలీంధ్రాల సన్నని పోగులు చెట్ల వేళ్లను అల్లుకొని వాటికి నీటిని, లవణాలను అందిస్తూ ఉంటాయి. పదే పదే పాదాలు పడిన చోట మట్టి గట్టిపడి, అందులోని గాలి, నీరు తిరిగే సందులు మూసుకుపోతాయి. వసంతంలో అడవినేలను నీలంగా కప్పేసే బ్లూబెల్ మొక్క విత్తనం నుంచి పూత దాకా ఎదగడానికి కనీసం 5 ఏళ్లు తీసుకుంటుంది. ఆకులు నలిగితే అడుగున ఉన్న గడ్డకు ఆహారం అందక మొక్క ఏళ్ల తరబడి కోలుకోలేదు. ఫొటో కోసం ఒకరు పూల మధ్యకు నాలుగడుగులు వేస్తే, ఆ జాడ చూసి తరువాతివారూ అటే వెళతారు. ఒక్క వేసవిలో అక్కడ కొత్త బాట ఏర్పడుతుంది. కాబట్టి గుర్తించిన దారి మీదే నడవాలి. నా దృష్టిలో మిగిలిన జాగ్రత్తలన్నీ దీని తరువాతే. దారిలో బురద ఉంటే పక్కనుంచి తప్పించుకోకుండా దాని మధ్యలోంచే వెళ్లడం మంచిది, ఎందుకంటే అంచులు తొక్కేకొద్దీ దారి వెడల్పై పూలమొక్కల చోటును మింగేస్తుంది.

దారిని ఎంచుకోవడానికి బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 పటం చాలా ఉపయోగపడుతుంది. ఇందులో 4 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరుకు సమానం. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రజలకు నడిచే హక్కున్న బాటలు ఆకుపచ్చని గీతల వరుసగా కనిపిస్తాయి. ఎత్తును సూచించే గోధుమరంగు గీతలు ఎంత ఎడంగా ఉంటే నేల అంత చదునుగా ఉంటుంది. అక్కడికి చేరాక స్తంభాల మీద పసుపు బాణం గుర్తు నడిచేవారి బాటను, నీలి బాణం గుర్తు గుర్రాలకు, సైకిళ్లకు కూడా అనుమతి ఉన్న బాటను చూపుతాయి. బయలుదేరిన చోటికే తిరిగి చేర్చే 2 లేక 3 కిలోమీటర్ల దారి మొదటిసారికి సరిపోతుంది. చదునైన నేల మీద గంటకు 5 కిలోమీటర్లన్నది కొండనడకల వారి పాత లెక్క. ఇక్కడ ఆగి చూడవలసినవి ఎక్కువ కాబట్టి గంటకు 2 కిలోమీటర్లే అనుకోవాలి.

చక్రాల కుర్చీతోనో పిల్లల బండితోనో వెళ్లేవారు మట్టిబాటలున్న వనాలకంటే గట్టిపరచిన దారులున్నవాటిని ఎంచుకోవాలి. బకింగ్‌హమ్‌షైర్‌లోని బర్న్‌హమ్ బీచెస్ ఇందుకు మంచి ఉదాహరణ. 1880లో సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్ కొని కాపాడుతూ వచ్చిన ఈ వనంలో ముసలి బీచ్, ఓక్ చెట్లను గట్టి దారి మీది నుంచే చూడవచ్చు. దీనికి భిన్నమైనది నైరుతి ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్ అనే బీడు కొండప్రాంతంలో ఉన్న విస్ట్‌మన్స్ వుడ్. నాచు కప్పిన బండల నడుమ వంకరలు తిరిగిన పొట్టి ఓక్ చెట్ల ఈ చిన్న అడవిని అంచునుంచే చూసి రావాలి. లోపల బండల మీద కాలు జారుతుంది, ఆ నాచూ చెదిరిపోతుంది.

కాలం విషయానికొస్తే, ఏప్రిల్ మధ్య నుంచి మే వరకు బ్లూబెల్ పూస్తుంది. అంతకు కొంచెం ముందే, చెట్లు ఆకులు తొడిగి నీడ కమ్మకముందే, తెల్లని వుడ్ అనిమోన్ విచ్చుకుంటుంది. ఈ మొక్క నూరేళ్లలో సుమారు 2 మీటర్లు మాత్రమే వ్యాపిస్తుందంటారు. అందుకే అది నేలంతా పరచుకొని కనిపిస్తే అడవి చాలా పాతదన్న నమ్మకం కలుగుతుంది. చలికాలంలో పూలు లేకపోయినా నేల ఆకృతి స్పష్టంగా తెలుస్తుంది. అడవి అంచున గుండ్రంగా అరిగిన మట్టిగట్టు, దాని బయటివైపు కందకం కనిపిస్తే అది పశువులు లోపలికి రాకుండా పూర్వం కట్టిన హద్దు. మొదలంటా నరికిన చోటినుంచి అనేక కాండాలతో లేచిన వెడల్పైన హేజెల్ దుబ్బులు, పశువుల నోటికి అందని ఎత్తులో కొమ్మలు నరకగా లావెక్కిన ముసలి చెట్లు తరతరాల మనుషుల చేతిపనికి గుర్తులు. వెంట టేపు ఉంటే, దారి పక్కనే ఉన్న ఓక్ చుట్టుకొలతను నేలనుంచి 1.5 మీటర్ల ఎత్తున కొలవండి. అడవిలో పెరిగిన చెట్టుకు ఏడాదికి సుమారు 1.25 సెంటీమీటర్ల చొప్పున లెక్కిస్తే వయసు ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

బలమైన గాలి వీచే రోజున ఈ అడవులకు వెళ్లకపోవడమే క్షేమం. ఎండిన కొమ్మలు కీటకాలకు, గబ్బిలాలకు ఆశ్రయం కాబట్టి వాటిని చెట్ల మీదే ఉంచుతారు. పైగా 2012లో బ్రిటన్‌లో బయటపడిన శిలీంధ్ర వ్యాధి వల్ల యాష్ చెట్లు పెళుసుబారుతున్నాయి. గాలి లేని రోజున కూడా అలాంటి చెట్ల కింద కూర్చోవద్దు. కుక్క వెంట ఉంటే, పక్షులు నేలమీద గూళ్లు పెట్టే వసంతంలో పొట్టి తాడుతో పట్టుకొని నడిపించాలి.

చీలమండను పట్టి ఉంచే బూట్లు, పొడవైన ప్యాంటు, మేజోళ్లు వేసుకోండి. ఎండ ఎంత ఉన్నా పొట్టి దుస్తులు వద్దు, ఎందుకంటే గడ్డిలో, ఫెర్న్ పొదల్లో పిడుదులు పొంచి ఉంటాయి. వాటిలో కొన్ని, కాటుతో మనిషికి సోకే లైమ్ అనే బ్యాక్టీరియా వ్యాధిని మోస్తాయి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనుక, గజ్జల్లో, చంకల్లో, పిల్లలకైతే తలవెంట్రుకల మొదళ్లలో కూడా వెతకాలి. పిడుదు కరచి ఉంటే సన్నని మొన గల పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకొని, మెలిపెట్టకుండా నెమ్మదిగా పైకి లాగాలి. తరువాతి వారాల్లో ఆ చోట ఎర్రని మచ్చ వ్యాపిస్తూ వచ్చినా, జ్వరం వచ్చినా డాక్టరుకు పిడుదు సంగతి తప్పక చెప్పాలి.

బూట్లకు అంటిన మట్టిని వనం దాటకముందే బ్రష్‌తో దులపండి, ఇంట్లో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. చెట్లకు వచ్చే కొన్ని తెగుళ్లు ఆ మట్టితోనే ఒక అడవి నుంచి మరో అడవికి చేరతాయి.