ఫోన్‌తో బొమ్మలు కదిలిద్దాం – 3వ పాఠం: బతుకమ్మ పేరుద్దాం

పోయిన పాఠంలో పిల్లల గొంతు రికార్డు చేశాం. ఈసారి బొమ్మ కదలాలి. హనుమకొండ దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో టీచింగ్ ప్రాక్టీస్ చేస్తూ ఏడో తరగతితో చేయించిన బతుకమ్మ ప్రాజెక్టునే ఉదాహరణగా చెప్తాను. మీరు బీఎడ్‌లో ఉన్నా డైట్‌లో (జిల్లా టీచర్ ట్రైనింగ్ కాలేజీలో) ఉన్నా పద్ధతి ఇదే.

స్టాప్ మోషన్‌లో చేసే పని చిన్నదే. వస్తువును కాస్త జరిపి ఒక ఫొటో, ఇంకాస్త జరిపి ఇంకో ఫొటో తీస్తాం. అవన్నీ గబగబా వరసగా తిరిగితే వస్తువు దానంతటదే కదిలినట్టుంటుంది. 1913లో తన తొలి కథాచిత్రం విడుదల కాకముందే దాదాసాహెబ్ ఫాల్కే కుండీలో బఠానీ మొక్క ఎదగడాన్ని ఇలా కొంచెం కొంచెంగా తీసి చూపించాడు. సైన్స్ మెథడాలజీ వాళ్లు ఆ ప్రాజెక్టునే ఎత్తుకోవచ్చు. మాకు బతుకమ్మ ఎందుకంటే, ఏ వరస మీద ఏ వరస పడుతుందో పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

నిజం పూలు వద్దు. తంగేడు తొందరగా వాడిపోతుంది, గునుగు చార్టు మీద దొర్లుతుంది. రంగు కాగితాలు కత్తిరించండి. నల్ల చార్టును నేల మీద పరిచి నాలుగు మూలలా టేపు వేయండి. అడుగున గుమ్మడాకు, దాని మీద తంగేడు, గునుగు, బంతి వరసలు, కొసన పసుపు గౌరమ్మ. అన్నీ కాగితమే.

ఇక ఫోన్. దీని మీదే సగం పీరియడ్ పోయినా ఫర్వాలేదు. రెండు బెంచీల మధ్య ఒక చెక్క అడ్డం పెట్టి, కెమెరా మాత్రం చెక్క అంచు దాటి కిందికి చూసేలా ఫోన్‌ను స్క్రీన్ పైకి ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టి టేపుతో బిగించండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, మధ్యలో ఎవరిదైనా కాల్ వస్తే ఫోన్ వణికి ఫ్రేమ్ జరుగుతుంది. ఎండ వచ్చీపోయే కిటికీని మూసి ట్యూబ్‌లైట్ వేయండి, లేకపోతే వీడియో మినుకుమినుకుమంటుంది. చాలా ఫోన్లలో స్క్రీన్ మీద వేలు నొక్కిపెడితే ఫోకస్, వెలుగు రెండూ లాక్ అవుతాయి. అన్నిటికంటే ముందు ఫ్యాన్ ఆపండి. ఉక్కగా ఉందని పిల్లలు గొణుగుతారు, గొణగనివ్వండి. ఒక్కసారి గాలి తగిలిందా, కాగితం పూలన్నీ లేచిపోతాయి.

స్టాప్ మోషన్ స్టూడియో యాప్ ఉచితంగా దొరికే మేరకు మనకు చాలు. అందులో ముందు తీసిన ఫొటో లీలగా కనిపిస్తూ ఉంటుంది కాబట్టి పువ్వు ఎంత జరిగిందో తెలుస్తుంది. సెకనుకు 12 ఫ్రేములు, అంటే 12 ఫొటోలు, పెట్టండి, జరిపిన ప్రతిసారీ రెండు ఫొటోలు తీయించండి. అంటే సెకనుకు ఆరు కదలికలు, 20 సెకన్ల వీడియోకు 120. ఈ లెక్క మీరు చెప్పకండి, బోర్డు మీద వాళ్లతోనే చేయించండి. ఆ సంఖ్య చూశాక ‘రెండు నిమిషాల సినిమా తీద్దాం’ అన్నవాళ్లంతా చల్లబడతారు.

ఒక గుంపుకు నలుగురు చాలు. ఒకరు జరపాలి, ఒకరు నొక్కాలి, ఒకరు లెక్క రాయాలి. నాలుగో మనిషి పని స్క్రీన్ చూస్తూ కేకేయడం. మా క్లాసులో అది చివరి బెంచీ పిల్లాడికి ఇచ్చాను. ‘టీచర్, చెయ్యి పడ్డది!’ అని వాడు అరిస్తే ఆ ఫొటో తీసేయాల్సిందే, క్లాస్ లీడర్ చెయ్యైనా సరే.

అబ్జర్వేషన్‌కు లెక్చరర్ వస్తారన్న టెన్షన్‌లో చాలామంది ఎడిటింగ్ ఇంటికి తీసుకుపోయి రెడీమేడ్ ఎఫెక్టులు అద్ది తెస్తారు. అది నాకు నచ్చదు. గౌరమ్మ కాస్త వంకరగా దిగినా పిల్లలు పెట్టిందే ఉండాలి. లెసన్ ప్లాన్ రికార్డులో మాత్రం ఎవరు ఏ పని చేశారో, ఏ వరస ఎందుకు మళ్లీ తీశారో రాసుకోండి. మార్కులు వేసేటప్పుడు పనికొచ్చేది అదే.

వచ్చే పాఠంలో ఈ వీడియోకు రెండో పాఠంలో రికార్డు చేసిన గొంతు అతికిద్దాం. అప్పటికి పది సెకన్ల ముక్క ఒకటి తీసి, ఫోన్‌లో వేరే ఫోల్డర్‌లో పెట్టుకోండి. యాప్‌లోని ప్రాజెక్టును మాత్రం డిలీట్ చేయకండి, గొంతుకు తగ్గట్టు కొన్ని ఫ్రేములు పెంచాల్సి రావచ్చు.