తెలుగు మీడియం బడి సమస్యను పార్లమెంటు విద్యా కమిటీ ముందుకు తీసుకెళ్లడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు మీడియం బడిలో టీచరు పోస్టు ఖాళీ అయితే మనవాళ్లు ముందు బీఈఓ (బ్లాకు విద్యాధికారి) ఆఫీసుకు, తర్వాత ఎమ్మెల్యే ఇంటికి వెళ్తారు. ఆ దారి వదలొద్దు. టీచరును వేసేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వమే. పార్లమెంటు కమిటీ ఎవరినీ వేయదు, ఎవరినీ తీయదు. కేంద్ర విద్యాశాఖ చేత లిఖితపూర్వకంగా జవాబు చెప్పించడమే అది చేయగల పని. 1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. బడులకు కేంద్రం, రాష్ట్రం కలిసి నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో 100 రూపాయలు ఖర్చయితే ఒడిశాకు కేంద్రం ఇచ్చేది 60. కాబట్టి జవాబు అడిగే హక్కు పార్లమెంటుకు ఉంది.

ఈ కమిటీ పూర్తి పేరు విద్య, మహిళలు, పిల్లలు, యువజన, క్రీడల స్థాయీ సంఘం. నడిపేది రాజ్యసభ సచివాలయం. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, మొత్తం 31 మంది ఉంటారు. మంత్రులకు చోటు లేదు. శాఖ బడ్జెట్ పద్దులు, కమిటీకి పంపిన బిల్లులు, వార్షిక నివేదికలు, విధాన పత్రాలు చూడటం దీని పని. రోజువారీ పరిపాలన దీని పరిధిలోకి రాదు. మన అర్జీలు చాలావరకు దెబ్బతినేది ఇక్కడే.

మొదటి అడుగు: మీ సమస్య ఏ కమిటీదో తేల్చుకోండి

బడి అని పేరున్న ప్రతిదీ విద్యా కమిటీ కిందికి రాదు. మధ్యాహ్న భోజనం, కస్తూర్బా బాలికా విద్యాలయాలు, సమగ్ర శిక్ష నిధులు దీనివే. అంగన్‌వాడీలు మహిళా శిశు అభివృద్ధి శాఖవి కాబట్టి అవీ ఈ కమిటీకే వస్తాయి. ఏకలవ్య ఆదర్శ పాఠశాలలు మాత్రం గిరిజన వ్యవహారాల శాఖవి. వాటిని చూసేది లోక్‌సభ కింద పనిచేసే సామాజిక న్యాయ కమిటీ. మనకు ఇంకా చిక్కు పెట్టేది భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ ఆఫీసు, అంటే రాష్ట్రంలో తక్కువమంది మాట్లాడే భాషలవారి రక్షణ విషయాలు చూసే కేంద్ర ఆఫీసు. అది అల్పసంఖ్యాకుల వ్యవహారాల శాఖ కింద ఉంది కాబట్టి ఆ ఆఫీసు పనితీరు గురించిన మాట కూడా సామాజిక న్యాయ కమిటీకే వెళ్లాలి. ఒకే కాగితంలో రెండూ కలిపి రాస్తే రెండు చోట్లా పక్కన పెట్టేస్తారు.

రెండో అడుగు: కాగితాలు

అసలు కష్టం ఇక్కడే, ఫలితం కూడా ఇక్కడే తేలుతుంది. ముందుగా బడి యూడైస్ నంబరు (దేశంలో ప్రతి బడికీ ప్రభుత్వ రికార్డులో ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకోండి. 11 అంకెలుంటాయి: రాష్ట్రానికి 2, జిల్లాకు 2, బ్లాకుకు 2, ఊరికి 3, బడికి 2. ఒడిశా బడులన్నీ 21తో మొదలవుతాయి. ఆ రికార్డులో బోధనా మాధ్యమం అనే గడి ఉంటుంది. అందులో తెలుగు నమోదై ఉందో లేదో చూడండి. తరగతిలో తెలుగులోనే పాఠం నడుస్తున్నా రికార్డులో ఒడియా ఒక్కటే ఉంటే, ఢిల్లీ లెక్కలో అది తెలుగు బడి కాదు. అలా ఉంటే అర్జీ రాయకముందే హెడ్‌మాస్టరు చేత ఆ నమోదు సరిచేయించాలి. లేకపోతే మీ మాటను మీ బడి రికార్డే కొట్టేస్తుంది.

తర్వాత తరగతివారీ పట్టిక: మొత్తం పిల్లలు, వారిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవారు, వారిలో తెలుగు చదవడం రాయడం వచ్చినవారు, ఖాళీ ఏ నెల నుంచి ఉంది, పుస్తకాలు ఏ నెలలో అందాయి. పోస్టుల లెక్క నోటిమాటగా చెబితే సరిపోదు. సమాచార హక్కు కింద ఫారం-ఎ నింపి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. ఈ పట్టికను బడి యాజమాన్య కమిటీలో తీర్మానంగా పెట్టించండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కాబట్టి, ఆ తీర్మానానికి నాయకుల లెటర్‌హెడ్ కంటే విలువ ఎక్కువ.

మూడో అడుగు: రాయడం

రెండు మూడు పేజీలు దాటొద్దు. హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. తెలుగు తీర్మానాన్ని అనువాదంతో సహా వెనక జతచేయండి. మొదటి పేరాలోనే నియమం చెప్పండి. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన ఏర్పాట్లు చేయమంటోంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే చెప్పమంటోంది. 2020 జాతీయ విద్యా విధానం వీలున్నచోట కనీసం 5వ తరగతి దాకా, కుదిరితే 8 దాకా ఇంటి భాష అంటోంది. 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు ఒప్పుకున్న లెక్క ఇంకా సూటిగా ఉంది: బడి మొత్తం మీద 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఆ భాష పిల్లలుంటే టీచరును వేయాలి. మీ పట్టిక ఈ లెక్కకు సరిపోతే ఆ ఒక్క వాక్యం చాలు.

‘మా బడికి టీచరును ఇప్పించండి’ అని అడిగితే రాష్ట్రం పని అని తిరిగొస్తుంది. ‘సరిహద్దు జిల్లాల్లో భాషా అల్పసంఖ్యాక బడుల టీచర్ల శిక్షణకు, పుస్తకాలకు సమగ్ర శిక్ష వార్షిక ప్రణాళికలో ఎంత పెట్టారు, ఎంత ఖర్చయింది, జిల్లావారీగా శాఖను అడగండి’ అని రాస్తే అది కమిటీ అడగదగ్గ ప్రశ్న అవుతుంది. పొరుగు రాష్ట్రం మీద నిందలు, 1936లో ఒడిశా ఏర్పడిన నాటి సరిహద్దు గొడవ ఇందులోకి తేవద్దు. కోర్టులో నడుస్తున్న కేసు ఉంటే ఆ విషయం వదిలేయడమే మంచిది.

నాలుగో అడుగు: ఎప్పుడు, ఎలా పంపాలి

కమిటీ ఒక బిల్లునో అంశాన్నో తీసుకున్నప్పుడు అభిప్రాయాలు పంపమని పత్రికల్లో, పార్లమెంటు వెబ్‌సైటులో ప్రకటన ఇస్తుంది. గడువు సాధారణంగా 15 రోజులే. సమాచార హక్కు జవాబుకే 30 రోజులు పడుతుంది కదా, ప్రకటన చూశాక మొదలుపెడితే అందదు. ఫిబ్రవరి 1న బడ్జెట్ వచ్చాక సభలకు ఇచ్చే విరామంలో కమిటీ పద్దులు పరిశీలిస్తుంది. అందుకే నిధుల ప్రశ్న జనవరిలోనే సిద్ధంగా ఉండాలి. చిరునామా: రాజ్యసభ సచివాలయం, పార్లమెంట్ హౌస్ అనెక్స్, న్యూఢిల్లీ. గడువులోపు పంపేటప్పుడే, స్వయంగా వచ్చి చెప్పాలనుకుంటే ఆ మాట కూడా రాయండి. పిలవాలా వద్దా అన్నది కమిటీ ఇష్టం. ఒక ప్రతి మీ ఎంపీకి ఇవ్వాలనుకుంటే ఢిల్లీకి పంపకముందే ఇవ్వండి. గజపతి జిల్లా బరంపురం లోక్‌సభ స్థానంలో, రాయగడ జిల్లా కోరాపుట్ స్థానంలో ఉన్నాయి.

పంపాక నోరు కట్టేసుకోవాలి. కమిటీకి చేరిన వినతిపత్రం దాని రికార్డు అయిపోతుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టినా, విలేకరికి ఇచ్చినా సభాహక్కుల ఉల్లంఘన కిందికి రావచ్చు. కరపత్రం వేయాలనుకుంటే దాన్ని వేరేగా, ముందుగానే వేసుకోండి.

ఐదో అడుగు: నివేదిక తర్వాత

నివేదిక సభల ముందుకు వచ్చాక వెబ్‌సైటులో దొరుకుతుంది. సిఫార్సులను ప్రభుత్వం పాటించి తీరాలన్న నిబంధన లేదు గానీ 3 నెలల్లో ఏం చేశారో చెప్పాలి. దాని మీద కమిటీ మళ్లీ ‘తీసుకున్న చర్యల’ నివేదిక ఇస్తుంది. అందులో 4 అధ్యాయాలు: ప్రభుత్వం ఒప్పుకున్నవి, జవాబు చూసి కమిటీ వదిలేసినవి, కమిటీ ఒప్పుకోని జవాబులు, తుది జవాబు రానివి. మీ అంశం రెండో అధ్యాయంలో పడితే ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. మూడు, నాలుగు అధ్యాయాల్లో ఉంటే ఆ పేరా నంబరు రాసుకుని ఎంపీ ఆఫీసుకు ఇవ్వండి. ఎంపీ సభలో ప్రశ్న అడగాలంటే కనీసం 15 రోజుల ముందు నోటీసు కావాలి కాబట్టి, సమావేశాల తేదీలు రాగానే వెళ్లాలి.