పాత సైకిల్ ఏ ఏడాదిదో తేల్చాలా? ముందు ఎమరీ కాగితం పక్కన పెట్టండి

వరంగల్, హన్మకొండ ఇళ్లల్లో కొట్టంలో పడున్న తాతల సైకిల్‌కు వయసు కట్టాలంటే డీజిల్, నూలు గుడ్డ, వెదురు పుల్ల, సుద్దపొడి, టార్చి చాలు. పై రంగు, గంట, సీటు చూసి ఏడాది చెప్పొద్దు, అవి ఎన్నిసార్లు మారాయో ఎవరికి తెలుసు? వెనక చక్రానికి 40, ముందు చక్రానికి 32 పుల్లలున్నాయని ఇంగ్లాండు బండి అనేయడమూ తప్పే. మన దేశంలో చేసిన వాటికీ అవే లెక్కలు.

ముందు హ్యాండిల్ కింది బిళ్ల చదవండి. అట్లాస్ సోనీపత్‌లో 1951లో, హీరో సైకిళ్లు లుధియానాలో 1956లో మొదలయ్యాయి. ఆ పేరున్న బండి అంతకంటే పాతది కాదు.

తర్వాత వెనక హబ్, అంటే చక్రం నడిమి ఇరుసు డబ్బా. అది ఇంగ్లాండు కంపెనీ స్టర్మీ ఆర్చర్ చేసిన మూడు గేర్ల హబ్ అయితే మట్టి తుడవండి. 'ఏడబ్ల్యూ (AW, హబ్ మోడల్ పేరు) 56 3' అని ఉంటే ఆ హబ్ 1956 మార్చిది. చక్రం మార్చి ఉండొచ్చు, అందుకే ఇదొక్కటే సాక్ష్యం కాదు.

ఇక ఫ్రేము నంబరు, అంటే కంపెనీ ఇనుము మీద పంచ్‌తో కొట్టిన నంబరు. బండ్లు పాడయ్యేది ఇక్కడే. సీటు కింది జాయింటు మీద, పెడల్ ఇరుసు గొట్టం అడుగున, వెనక చక్రం బిగించే చోట వెతకండి. మడ్‌గార్డు మీద రంగుతో రాసింది అద్దె దుకాణం నంబరు, దాన్ని పట్టుకోవద్దు.

పంచ్ అక్షరాలు లోతు తక్కువ. ఎమరీతో రుద్దితే వాటి అంచులు అరిగి నంబరు శాశ్వతంగా పోతుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డీజిల్ గుడ్డ పావుగంట ఉంచి, మెత్తబడ్డ జిడ్డును వెదురు పుల్లతో ఎత్తండి. పైన రంగు పొరలుంటే తొడుగులు వేసుకుని, ఆరుబయట, రెండంగుళాల మేరకే పెయింట్ రిమూవర్ పూయండి. పది నిమిషాలకోసారి ఒక పొర తీయండి. అంకెలు కనబడగానే ఆపేయండి, ఇనుము తేలేదాకా పోవద్దు. కింది పొర అసలు రంగు, అదీ సాక్ష్యమే.

ఆరాక సుద్దపొడి రుద్ది అరచేత్తో తుడిస్తే గుంతల్లో తెల్లగా నిలుస్తుంది. టార్చి ఎదురుగా కాదు, పక్కనుంచి పట్టండి. 3, 8 తారుమారవుతాయి. 1, 7 కూడా. మూడు కోణాల్లో ఫొటోలు తీయండి. ముందూ వెనకా ఉన్న అక్షరాలు వదలొద్దు, అవి లేని నంబరు కంపెనీ నంబర్ల జాబితాలో పోల్చుకోవడానికి పనికిరాదు.

ఒకప్పుడు సైకిల్‌కు మున్సిపాలిటీ ఇచ్చిన లైసెన్సు బిళ్ల ఇంకా ఉంటే అదృష్టమే. దాని మీది ఏడాదికి బండి రోడ్డు మీదుంది. హబ్ 1956, బిళ్ల 1962 చెబుతూ బ్రాండు, ఫ్రేము నంబరు వాటికి అడ్డురాకపోతే '1956–62 మధ్యది' అని రాసుకోండి.