సంక్రాంతికి టూ-స్ట్రోక్ ఇంజిన్ విప్పే ముందు

సార్వా కోతలు ముగిసి, గోదావరిలో ఇసుక తిన్నెలు తేలేసరికి కోనసీమ మెకానిక్ షెడ్లలో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుల ఇంజిన్లు బల్లలెక్కుతాయి. ఇసుకలో, బురదలో తోలడానికి బోరు కొట్టిస్తారు (సిలిండర్‌ను వెడల్పు చేయిస్తారు), పోర్టులు (సిలిండర్ గోడలో గాలి, పొగ పోయే దారులు) రుద్దిస్తారు, సైలెన్సర్ మార్చేస్తారు. పండుగ దాటకుండానే కొన్ని పిస్టన్ పట్టేసి మళ్లీ అదే బల్ల మీదికి వస్తాయి. చాలావరకు కారణం ఒక్కటే: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ.

మన దగ్గర ఈ ప్రమాదం మరికాస్త ఎక్కువ. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అమలాపురం దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. ఇక్కడి గాలి చిక్కన. అక్కడి మిత్రుడు చెప్పిన జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రపు ముక్క) నంబరు ఇక్కడ బిగిస్తే ఇంజిన్‌కు పెట్రోలు చాలదు. ఆశ్వయుజం ఉక్కపోతలో సరిచేసిన కార్బొరేటర్ కూడా పుష్యమాసపు చలి ఉదయానికి పనికిరాదు, చల్లగాలిలో ఆక్సిజన్ ఎక్కువ కనుక. పెట్రోలులో కలిసే ఇథనాల్‌దీ అదే దారి, దానితో కూడా పెట్రోలు చాలనట్టే అవుతుంది. అందుకే పెద్ద మెయిన్ జెట్‌తో మొదలుపెట్టి ఒక్కో సైజు దిగుతూ రండి. చిన్నదానితో మొదలుపెడితే సరైన జెట్ దొరికేలోపే పిస్టన్ పోవచ్చు.

ఇంజిన్ వేడెక్కాక, జనం లేని చోట మూడో గేరులో పూర్తి యాక్సిలరేటర్‌తో కొంత దూరం తోలండి. క్లచ్ పట్టి, వెంటనే తాళం ఆపి, ప్లగ్గు విప్పండి. లోపలి పింగాణీ బెల్లం రంగులో ఉంటే సరిపోయినట్టు. తెల్లబారితే అక్కడితో ఆపండి. నల్లగా ఉంటే పొగ, నీరసం తప్పవు గానీ పిస్టన్ క్షేమం.

యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ తొందరగా నెమ్మదించకపోతే జెట్ కంటే ముందు క్రాంకు ఆయిల్ సీళ్లను (క్రాంకు షాఫ్టు చివర్ల బయటి గాలి చొరకుండా ఆపే రబ్బరు వలయాలను) అనుమానించండి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ దారులు గట్టిగా మూసి, మీటరున్న చేతి పంపుతో 6 పి.ఎస్.ఐ. మించకుండా గాలి నింపండి. సీళ్ల దగ్గర, జాయింట్ల మీద సబ్బునీళ్లు పూయండి. బుడగ లేచిన చోటే దొంగ. పంక్చరు షాపు కంప్రెసర్ పెట్టారంటే బాగున్న సీళ్లు కూడా ఊడొస్తాయి.

పోర్టింగ్ సంగతి. ఎగ్జాస్ట్ పోర్టును పైకి రుద్దితే బలం పై ఆర్‌పీఎంకు, అంటే ఇంజిన్ బాగా వేగంగా తిరిగే చోటికి, పోతుంది. బురదకు కావలసింది కింది బలం. రుద్దేసిన లోహం తిరిగి రాదు. నన్నడిగితే పోర్టుల జోలికి పోకుండా వెనక స్ప్రాకెట్‌కు (చైను తిరిగే పళ్ల చక్రానికి) రెండు పళ్లు పెంచుకోవడమే తెలివి. బోరు కొట్టిస్తే మాత్రం పోర్టు అంచులను నున్నగా వాలు తీయించండి, లేకపోతే రింగు తగులుకుని విరుగుతుంది.

ఆయిల్ పంపు తీసేసినవారు లీటరు పెట్రోలుకు 25 మిల్లీలీటర్ల టూ-టీ (టూ-స్ట్రోక్ ఇంజిన్) ఆయిల్ కొలిచి కలపండి. కంటి అంచనా వద్దు. నెలల తరబడి నిలవున్న పెట్రోలు పోయకండి. ఇథనాల్ తేమను పీల్చి, నీటితో కలిసి అడుగుకు దిగితే ఇంజిన్‌కు అందేది ఆయిల్ లేని ద్రవమే. శబ్దం కోసం ఎయిర్ ఫిల్టర్ పీకేసేవారికి చెప్పేదేముంది, గోదావరి ఇసుకే బోరు కొట్టేస్తుంది.

ఇంజిన్‌లో ఇలాంటి మార్పులు చేసిన బండిని రోడ్డెక్కిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, తిన్నెల దాకా ట్రాలీలో తీసుకెళ్లండి.

కొత్త పిస్టన్ వేసిన రోజే ఇసుకలోకి దించకండి. వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లారనిచ్చి, అలా మూడుసార్లు చేశాక గట్టి నేల మీద మెల్లగా తిప్పండి. ఇసుక ఆ తర్వాతే.