బాకుల గుర్తింపు – నాలుగో పాఠం: కటారి పిడి ఒక ఊరిది, అలుగు ఇంకో ఊరిది

గత మూడు పాఠాల్లో బాకు భాగాల పేర్లు నేర్చుకున్నాం, కొలతలు రాసుకునే పద్ధతి చూశాం, యెమెన్, ఒమన్‌ల వంకర బాకులను పరిచయం చేసుకున్నాం. ఈసారి మన దేశపు ఆయుధమే తీసుకుందాం. కటారి ఏ దేశపు మ్యూజియంలో ఉన్నా, ఇది హిందూస్థాన్‌ది అని గది అవతలి నుంచే చెప్పేయొచ్చు. ఆ సులువే కొత్తవాళ్లకు దెబ్బ. పేరు తెలిసిపోయింది కదా అని అక్కడితో ఆగిపోతారు. ఏ ప్రాంతానిది, ఏ కాలానిది, పిడీ అలుగూ (అంటే బ్లేడు) మొదటి నుంచీ ఒకదానికొకటేనా? ఈ మూడూ చెప్పగలిగితేనే గుర్తించినట్టు.

పాఠమంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది. పిడిని ఒక వస్తువుగా, అలుగును ఇంకో వస్తువుగా చదవాలి. నోటుబుక్కులో పేజీ మధ్య గీత గీసి, ఎడమవైపు పిడి గురించి, కుడివైపు అలుగు గురించి రాయండి. రెండు వైపులా నిండాకే మూడో మాట, అంటే ఈ రెండూ ఎప్పుడు కలిశాయన్నది. చాలామంది ఈ మూడోదాన్నే ముందు రాసేస్తారు.

ముందు పట్టు సంగతి. మామూలు బాకుకు పిడి అలుగుకు తిన్నగా కొనసాగింపుగా ఉంటుంది. కటారికి అలుగు మొదట్లోంచి రెండు కమ్మీలు వెనక్కి సాగుతాయి, వాటి మధ్య నిచ్చెన మెట్లలా అడ్డ కమ్మీలు ఉంటాయి. అడ్డ కమ్మీలను పట్టుకుని పిడికిలి బిగిస్తే అలుగు వేళ్ల కణుపుల ముందు నుంచి తిన్నగా నిలుస్తుంది. పక్క కమ్మీలు మణికట్టుకు రెండు వైపులా కాపు కాస్తాయి. ఇది కోసే ఆయుధం కాదు, పొడిచే ఆయుధం. మణికట్టు తిప్పే పని లేదు, చేతి బలమంతా మొన మీదికే పోతుంది. అందుకే బాగా చేసిన కటారిలో మొన దగ్గర లోహం సన్నబడదు, మందమవుతుంది. ఇనుప రింగుల కవచంలోకి దిగాలంటే సన్నటి మొన వంగిపోతుంది కాబట్టి అక్కడ గట్టి ముక్క వదిలేవాళ్లు. వేలు జాగ్రత్తగా అలుగు వెన్ను మీద నడిపిస్తే ఆ ఉబ్బు తెలుస్తుంది.

ఇక పిడి. ఇక్కడ దక్షిణాది, ఉత్తరాది దారులు విడిపోతాయి.

విజయనగరం, దాని తర్వాత తంజావూరు నాయకుల కాలపు కటారుల్లో చాలావాటికి పిడికిలి మీదికి వంగిన ఇనుప రేకు ఉంటుంది. దీన్ని చిప్ప అందాం. ఆకులాగో గవ్వలాగో మలిచి, చిన్న చిన్న రంధ్రాలతో జాలీ పని చేసి ఉంటుంది. చివర యాళి (సింహంలాంటి ఊహా మృగం) తలో తీగ చుట్టో కనబడొచ్చు. అడ్డ కమ్మీలు కూడా సాదా కడ్డీలు కావు. బొడిపెలు, పలకలు, మధ్యలో జాలీ ముక్కలు పెట్టి, చేతిలో తిరగకుండా పట్టు దొరికేలా చేశారు. పనితనమంతా ఉక్కును చెక్కడంలోనే చూపించారు, బంగారం తక్కువ. ఈ శైలికి 16, 17 శతాబ్దాలు మంచి కాలం. తర్వాత తర్వాత చిప్ప కనుమరుగైంది.

రాజస్థాన్ కటారికి చిప్ప దాదాపు ఉండదు. పక్క కమ్మీలు వెడల్పాటి పట్టీలు, వాటి మీద బంగారు పని. అలుగు మధ్యలో ఈనె, దానికి రెండు వైపులా లోతుగా చెక్కిన గుంటలు. బుందీ, కోటా ప్రాంతాల పనివాళ్లు ఆ గుంటల్లో వేట బొమ్మలు, ఏనుగులు, పులులు ఉబ్బెత్తుగా చెక్కారు. బుందీ సంస్థానం తన రూపాయి నాణెం మీద కూడా కటారి బొమ్మే వేసుకుంది. 18, 19 శతాబ్దాల్లో ఇది యుద్ధంలో కంటే దర్బారులో నడుముకు కట్టిన పట్కాలోనే ఎక్కువగా కనబడిందని గుర్తుపెట్టుకోండి. బంగారం ఎక్కువున్న కటారిని చూసి పాతదనుకోవద్దు, సాధారణంగా అది తర్వాతి కాలానిదే.

అలుగుకు వద్దాం. అసలు మజా ఇక్కడే.

దక్షిణాది చిప్ప కటారి ఒకటి మీ ముందుందనుకోండి. గదిలో లైటు ఆపేసి టార్చి ఏటవాలుగా పట్టుకుని, అలుగు పిడితో కలిసే చోట చూడండి. పిడి నుంచి రెండు సన్నటి పట్టీలు అలుగు మీదికి దిగి, దాన్ని అటూ ఇటూ పట్టుకుని రివిట్లతో బిగిసి ఉన్నాయా? అలుగు మీది గాడి ఆ పట్టీల దగ్గరికి వచ్చి, సన్నబడకుండా, ముగియకుండా, ఉన్న లోతుతోనే వాటి కిందికి దూరిపోతోందా? అలాగైతే ఆ అలుగు ఈ పిడి కోసం పుట్టింది కాదు. పొడవాటి కత్తి నుంచి కోసి తెచ్చింది. కటారి కోసమే చేసిన అలుగులో గాడులు అందులోనే మొదలై అందులోనే ముగుస్తాయి. పైగా కోసి తెచ్చిన అలుగుకు మొన దగ్గర ఆ ఉబ్బు ఉండదు, పల్చగా ఉండి కాస్త స్ప్రింగులా వంగుతుంది కూడా. (చూశాం కదా అని ఎవరి కటారినీ వంచి పరీక్షించకండి.)

ఆ పొడవాటి కత్తులు ఎక్కువగా యూరప్‌వి. పోర్చుగీసు ఓడలు పశ్చిమ తీరానికి వచ్చినప్పటి నుంచి ఇటాలియన్, జర్మన్ అలుగులు మన రేవుల్లో దిగాయి. విరిగినవి, అరిగినవి కోసి కటారులకు బిగించారు. వాటి మీద ముద్రలు ఉంటే సంబరపడే ముందు ఒక్క నిమిషం ఆగండి. "ఆండ్రియా ఫెరారా" అన్నది 16వ శతాబ్దపు ఇటలీ కమ్మరి పేరు. ఆ పేరుకు గిరాకీ పెరిగేసరికి జర్మనీలోని జోలింగెన్ పనివాళ్లు దాన్ని ఎడాపెడా కొట్టేశారు. పరుగెత్తే తోడేలు గుర్తు పాసావు ఊరిది, దాన్నీ జోలింగెన్ వాళ్లు వాడుకున్నారు. కాబట్టి నోటుబుక్కులో కుడివైపు "ఇటలీ అలుగు" అని రాయకండి, "ఫెరారా పేరున్న యూరప్ అలుగు" అని రాయండి. అంతవరకే మీకు ఖాయంగా తెలుసు.

వస్తువు దొరికిన చోటు కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. బికనీరు ఆయుధాగారం నుంచి బయటికొచ్చిన కటారుల్లో కొన్ని అచ్చంగా దక్కను పనివి. బికనీరు రాజు అనూప్ సింగ్ ఔరంగజేబు తరఫున దక్కనులో పనిచేశాడు. 1680ల చివర్లో ఇప్పటి కర్నూలు జిల్లాలోని ఆదోని కోట మొఘలుల చేతికి చిక్కినప్పుడు అక్కడి ఆయుధాలు బికనీరు చేరాయి. ఆ ఆయుధాగారం వస్తువుల మీద నాగరి అక్షరాలు చుక్కలు చుక్కలుగా గుద్ది ఉంటాయి, కొన్నింటి మీద ఆదోని పేరే ఉంటుంది. అంటే రాజస్థాన్ కోటలో రాజస్థానీ రాత ఉన్న కటారి మన సీమ దారిలో వెళ్లినది కావచ్చు! ఆ చుక్కల రాతను చదివేటప్పుడు భూతద్దంతో ఒక్కో చుక్క అడుగు చూడండి. పాతదైతే అడుగున నల్లటి మట్టి, తుప్పు పేరుకుని చుట్టుపక్కల లోహంతో కలిసిపోయి ఉంటుంది. ఈ మధ్య కొట్టింది లోపల తళుక్కుమంటుంది.

తంజావూరు కథ ఇంకా బాధాకరం. 1855లో అక్కడి చివరి మరాఠా రాజు శివాజీ (ఛత్రపతి కాదు, అదే పేరున్న తర్వాతి రాజు) మగ వారసుడు లేకుండా చనిపోవడంతో కోటా, రాచరికమూ ఇంగ్లీషువాళ్ల పాలయ్యాయి. 1863లో కోటలోని ఆయుధాల్లో కొన్నింటిని ఏరి మద్రాసు మ్యూజియానికి పంపారు. మిగతా వాటిని ముక్కలు చేసి పాత ఇనుము కింద అమ్మేశారు. అందుకే ఎగ్మూరులోని చెన్నై ప్రభుత్వ మ్యూజియం దక్షిణాది పిడులు నేర్చుకోవడానికి అంత ముఖ్యం. చేతిలో పట్టుకునే వీలు లేకపోయినా అద్దాల ఇవతలి నుంచి గంటసేపు నిలబడి చూడండి, పది పుస్తకాలు చదివినదాని కంటే ఎక్కువ అబ్బుతుంది.

అలుగు లోహం గురించి కూడా ఒక మాట. మూసలో కరిగించి చేసిన ఉక్కుకు తెలంగాణ పేరుపొందింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో 1820ల్లో వాయ్‌సీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పని కళ్లారా చూసి వివరంగా రాశాడు. అప్పటికీ పర్షియా వర్తకుడు అక్కడే మకాం వేసి ఉక్కు కొంటున్నాడట. ఈ ఉక్కును సరిగ్గా సానబట్టి పలచటి ఆమ్లం తగిలిస్తే నీటి అలల్లాంటి గీతలు తేలతాయి. ఇప్పుడు నకిలీ గీతలు కూడా దొరుకుతున్నాయి, ఆమ్లంతో పైపైన అచ్చు వేసినవి. తేడా తెలియాలంటే అలుగు వాలు మారే అంచు దగ్గర చూడండి. నిజమైన గీతలు లోహం లోపలి నుంచి వస్తాయి కాబట్టి వాలు మారగానే వాటి ఆకారమూ మారుతుంది. అచ్చు వేసిన గీతలు ఏమీ జరగనట్టు అంచు దాటి పోతాయి.

బంగారు పనికి పది రెట్ల భూతద్దం చాలు. ఉక్కు మీద బంగారం ఎక్కించే ఈ పనిని కోఫ్త్‌గరి అంటారు. ఆ పనివాడు ముందు ఉక్కు మీద అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా సన్నటి గీతలు గరుకుగా గీస్తాడు. ఆ గరుకు మీద బంగారు తీగను పరిచి సుత్తితో కొడితే అది పట్టుకుంటుంది. ఎన్నాళ్లో వాడాక బంగారం అరిగితే అడుగున ఆ అల్లిక గీతలు బయటపడతాయి, గీతల సందుల్లో మాత్రం బంగారం పసుపు పోగుల్లా మిగిలి ఉంటుంది. ఇది చూడగానే మనసు కుదుటపడుతుంది. పైపైన బంగారు నీరు పట్టించిన మొలాం పూత అలా అరగదు. పొరలా లేచి, అడుగున నున్నటి లోహం కనబడుతుంది. ఇంకొకటి, అరుగుదల చెయ్యి పడే చోటే ఉండాలి. అడ్డ కమ్మీల లోపలి వైపు అరిగి పక్క కమ్మీల బయటి వైపు కాస్త నిలిస్తే సరే. అంతా ఒకే తీరుగా అరిగితే ఎవరో గరుకు కాగితం పట్టారని అర్థం.

కొత్తగా చేసి పాతవని అమ్మే కటారులు చాలానే ఉన్నాయి. పాత కమ్మరి ఆకురాయితో పనిచేశాడు, గీతలు ఎగుడుదిగుడుగా, చోటు చోటుకూ దిశ మారుతూ ఉంటాయి. గ్రైండరు గీతలు ఒకే దిశలో వరసగా వస్తాయి. మూలల్లో వెల్డింగు బుడిపె కనబడితే ఇక బేరమే వద్దు. పాత తుప్పు గాడుల్లో ముదురు గోధుమ, నలుపు రంగుల్లో గట్టిగా ఉంటుంది. ఆమ్లం పోసి తెప్పించిన తుప్పు నారింజ రంగులో అంతటా సమానంగా పరుచుకుని వేలికి అంటుతుంది. పిడి నొక్కితే అలుగు కత్తెరలా మూడుగా విడిపోయే కటారులు, పక్కన పిస్తోలు బిగించినవి కూడా అమ్మకానికి వస్తుంటాయి. చూడముచ్చటైనవే కానీ, చాలావరకు 19వ శతాబ్దపు వేడుక సరుకు. మొదటి కొనుగోలుకు మాత్రం వాటి జోలికి పోవద్దు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. అలుగు 9 అంగుళాల కంటే పొడవున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా అది ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది. కటారి పొడవు తక్కువే అయినా మొదట్లో వెడల్పు దాటేస్తుంది, చాలామంది ఇది గమనించరు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో లైసెన్సు కావాలి, మీ జిల్లాలో పరిస్థితి ఏమిటో కొనకముందే కనుక్కోండి. 100 ఏళ్లు దాటినది 1972 చట్టం ప్రకారం పురావస్తువు. మనం దాన్ని దేశం బయటికి పంపడం కుదరదు. విదేశాల్లో ఉన్న కొడుక్కో కూతురికో కానుకగా పంపుదామనుకునేవాళ్లు ఈ వాక్యం మరోసారి చదవండి.

ఇంటికొచ్చాక తుప్పు గోకకండి, పీతాంబరి పెట్టకండి. పలచగా మెషిన్ ఆయిల్ రాసి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. తోలు, ముఖ్మల్ ఒరలో ఏళ్ల తరబడి ఉంచొద్దు, తేమ పట్టేస్తుంది.

ఈ వారం అభ్యాసం: హైదరాబాదులో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి వెళ్లండి. మిగతావాళ్లు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన ఫొటోలు చూడండి. మూడు కటారులు ఎంచుకుని, పక్కనున్న వివరం చదవకముందే గళ్ల కాగితం మీద ఒక్కోదాని పిడి బయటి గీత గీయండి. చిప్ప ఉందా, అడ్డ కమ్మీలు ఎన్ని, గాడి ఎక్కడ ముగుస్తోంది? రెండు వైపులా రాశాక మీ మూడో మాట రాసి, అప్పుడు మ్యూజియం వివరంతో పోల్చండి. రెండూ కలవకపోతే మీ రాతను కొట్టేయకండి, పక్కనే ఎర్ర సిరాతో కారణం రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో పేష్‌కబ్జ్‌ అనే ఇంకో రకం బాకుల అలుగులు చదివేటప్పుడు ఈ కాగితాలే ముందు తీయిస్తాను.