డీ అండ్ డీలో మీ పాత్రకు ఎబిలిటీ స్కోర్లు ఎలా ఎంచుకోవాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి, డైస్ వేస్తూ కథ నడిపే ఆట. దానికి మొదటిసారి వచ్చినవాళ్ళు ఎక్కడ ఆగిపోతారో చెప్పడం తేలిక. క్యారెక్టర్ షీట్ మీద ఎబిలిటీ స్కోర్ల కోసం ఆరు ఖాళీ గళ్ళు ఉంటాయి. ఏ అంకె ఎక్కడ రాయాలో తెలియక పెన్సిల్ పట్టుకుని అలా చూస్తుండిపోతారు. నేనూ చూశాను, చివరికి తోచినట్టు రాసేశాను. నా మొదటి పాత్ర, ఒక విజర్డ్ (మంత్రగాడు), మొదటి ఆటలోనే గాబ్లిన్ అనే చిన్న రాక్షసి కత్తివేటుకు పడిపోయాడు. తప్పు గాబ్లిన్‌ది కాదు, నా అంకెలది.

ఇక్కడ చెప్పేది 2024లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ (ఆట నియమాల పుస్తకం) ప్రకారం. మీవాళ్ళు 2014 పుస్తకంతో ఆడుతుంటే ఒకచోట తేడా వస్తుంది, అక్కడికొచ్చాక చెప్తాను.

ముందు ఆ ఆరు గళ్ళు ఏంటో తెలుసుకోండి

స్ట్రెంగ్త్ అంటే కండబలం. గొడ్డలి, పెద్ద కత్తి తిప్పడానికి, గోడలెక్కడానికి. డెక్స్టెరిటీ ఒడుపు: విల్లు, బాకు, చప్పుడు కాకుండా నడవడం, దెబ్బ తప్పించుకోవడం. కాన్‌స్టిట్యూషన్ ఒంటి గట్టిదనం. కరిష్మా అంటే అందం అనుకుంటారు, కాదు. మాటతో, ఉనికితో ఎదుటివాణ్ణి తనవైపు తిప్పుకోగలగడం.

అందరూ తికమకపడేది ఇంటెలిజెన్స్, విజ్డమ్ దగ్గర. సంతలో ఒకడు ఏదో పుట్టగొడుగు అమ్ముతున్నాడనుకోండి. దాని పేరేంటో, ఎక్కడ మొలుస్తుందో చెప్పేది ఇంటెలిజెన్స్. అమ్ముతున్నవాడి చూపు ఎక్కడో తేడాగా ఉందని పట్టేది విజ్డమ్. చీకట్లో అలికిడి వినపడేది కూడా విజ్డమ్ వల్లే.

అంకెను కాదు, మాడిఫయర్‌ను చూడండి

ఆటలో ఒక పని కుదిరిందో లేదో తేల్చడానికి 20 ముఖాల డైస్ వేసినప్పుడు మీరు కలిపేది స్కోరును కాదు, దాని నుంచి వచ్చే మాడిఫయర్‌ను. లెక్క ఇది: స్కోరులోంచి 10 తీసేయండి, మిగిలినదాన్ని సగం చేయండి, అర వస్తే కిందికి దించండి. 10కి సున్నా, 12కి +1, 16కి +3. 8కి -1.

అంటే 14కీ 15కీ ఒకటే +2. బేసి అంకె దానంతటది ఏమీ ఇవ్వదు, ఇంకొక్క పాయింటు కోసం కాచుకుని ఉంటుంది, అంతే. ఈ ఒక్క విషయం నాకు మొదట్లోనే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

క్లాస్ తేల్చుకున్నాకే అంకెలు

క్లాస్ అంటే మీ పాత్ర వృత్తి: దొంగ, మంత్రగాడు, యోధుడు లాంటివి. రోగ్‌కి డెక్స్టెరిటీ, విజర్డ్‌కి ఇంటెలిజెన్స్, క్లెరిక్‌కీ డ్రూయిడ్‌కీ విజ్డమ్ ముఖ్యం. బార్డ్, సోర్సరర్, వార్లాక్‌లు కరిష్మా మీద బతుకుతారు. బార్బేరియన్‌కి స్ట్రెంగ్త్. ఫైటర్‌కి స్ట్రెంగ్త్ అయినా, డెక్స్టెరిటీ అయినా ఫరవాలేదు, ఏ ఆయుధం పడతాడన్నదాన్ని బట్టి. పాలడిన్, మంక్, రేంజర్‌లకు రెండేసి ఎబిలిటీలు బాగుండాలి, కాబట్టి కొత్తవాళ్ళకు కాస్త ఇరుకు.

అంకెలు ఎక్కడినుంచి వస్తాయి?

మూడు దారులున్నాయి. ఏది వాడాలో మీ డంజన్ మాస్టర్‌ని, అంటే ఆట నడిపేవాళ్ళని, అడగండి.

ఒకటి, 15, 14, 13, 12, 10, 8 అనే సిద్ధంగా ఉన్న అంకెల్ని తీసుకుని మీకు నచ్చిన గళ్ళలో పెట్టుకోవడం. మొదటిసారైతే ఇదే చాలు. రెండోది 27 పాయింట్లతో కొనుక్కోవడం. ప్రతి గడీ 8తో మొదలవుతుంది. 13 దాకా మెట్టుకు ఒక పాయింటు, 14కీ 15కీ మెట్టుకు రెండేసి. 15 దాటి కొనలేరు.

మూడోది డైస్ వేయడం. ఆరు ముఖాల డైస్ నాలుగు వేసి, అన్నింటికంటే చిన్నది పక్కనపెట్టి, మిగతా మూడూ కూడాలి. ఇలా ఆరుసార్లు. పందెం ముచ్చట తీరుతుంది గానీ, పక్కవాడికి రెండు 17లు పడి మీకు 13 మించి పడకపోతే ఆరు నెలలు అదే బల్ల దగ్గర కూర్చోవాలి. నాకైతే ఇష్టం లేదు.

ఇప్పుడు పంచుదాం

నా విజర్డ్‌నే తీసుకుందాం. అప్పుడు 8ని కాన్‌స్టిట్యూషన్‌లో పెట్టాను, "వీడు దూరంగా నిలబడి మంత్రాలేసేవాడు, ఒళ్ళు గట్టిగా ఉండి ఏం చేస్తాడు" అనుకుని. మొదటి లెవెల్‌లో విజర్డ్ హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలడన్న లెక్క) 6, దానికి కాన్‌స్టిట్యూషన్ మాడిఫయర్ కలుస్తుంది. 8 పెడితే ఆరులో ఒకటి పోయి 5. గాబ్లిన్ కత్తి దెబ్బ సగటున 5. లెక్క సరిపోయింది, వాడు పడిపోయాడు. అక్కడ 14 ఉంటే హిట్ పాయింట్లు 8 అయ్యేవి, ఆ దెబ్బ తిని కూడా పారిపోయేవాడు. పైగా కొన్ని మంత్రాలు నిలబడాలంటే ఏకాగ్రత ఉండాలి. దెబ్బ తగిలినప్పుడు అది చెదరకుండా కాపాడేదీ కాన్‌స్టిట్యూషనే. ఏ క్లాస్ అయినా సరే, రెండో మూడో పెద్ద అంకె ఇక్కడికి పంపండి.

ఇప్పుడైతే ఇలా రాస్తాను: ఇంటెలిజెన్స్ 15, డెక్స్టెరిటీ 14, కాన్‌స్టిట్యూషన్ 13, విజ్డమ్ 12, కరిష్మా 10, స్ట్రెంగ్త్ 8. దీనిమీద బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర ఇంతకుముందు ఏం చేసేవాడన్నది) ఇచ్చే పెంపు ఉంటుంది. ప్రతి బ్యాక్‌గ్రౌండ్‌కీ మూడు ఎబిలిటీలు రాసి ఉంటాయి. వాటిలో ఒకదానికి 2, ఇంకోదానికి 1 కలపొచ్చు, లేదా మూడింటికీ ఒక్కొక్కటి. 2014 పుస్తకంలో ఈ పెంపు రేస్‌ (పాత్ర జాతి) నుంచి వస్తుంది, తేడా అదే. సేజ్ (పండితుడు) బ్యాక్‌గ్రౌండ్‌కి కాన్‌స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్, విజ్డమ్ ఉన్నాయి. ఇంటెలిజెన్స్‌కి 2 కలిపితే 17, కాన్‌స్టిట్యూషన్‌కి 1 కలిపితే 14. కాచుకుని ఉన్న ఆ 13కి ఇప్పుడు పని దొరికింది. 17 బేసే కదా అంటారా? నాలుగో లెవెల్‌లో ఇంటెలిజెన్స్‌ని 1 పెంచే ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) తీసుకుంటే 18 అవుతుంది.

8 ఎక్కడ పెట్టాలి?

కాన్‌స్టిట్యూషన్, మీ క్లాస్‌కి ముఖ్యమైనది తప్ప ఎక్కడైనా పెట్టొచ్చు, భయపడకండి. 10కీ 8కీ తేడా డైస్ మీద ఒక్క పాయింటు, అంటే నూటికి 5 సార్లు ఫలితం మారుతుంది. దానికి బదులు వచ్చే సరదా ఎక్కువ. స్ట్రెంగ్త్ 8 ఉన్న విజర్డ్‌ని బావిలోంచి తాడేసి లాగాల్సి వస్తుంది. కరిష్మా 8 అయితే కోట కాపలావాడితో నోరు తెరిచిన ప్రతిసారీ మిగతావాళ్ళు తల పట్టుకుంటారు. ఏ ఇబ్బంది పడుతుంటే మీకు నవ్వొస్తుందో అక్కడ పెట్టండి.

అయితే రాసేముందు పక్కవాళ్ళ షీట్లు ఒకసారి చూడండి. నలుగురూ కరిష్మాలోనే 8 పెట్టుకుంటే రాజుగారితో మాట్లాడే దిక్కుండదు. అలికిడి పసిగట్టడానికి విజ్డమ్ బాగున్నవాళ్ళు కనీసం ఒకరైనా ఉన్నారో లేదో చూసుకోండి.

అన్నీ పెన్సిల్‌తోనే రాయండి. రెండు మూడు ఆటలయ్యాక అంకెలు అటూఇటూ మార్చుకుంటానని అడిగితే కొత్తవాళ్ళకు కాదనే డంజన్ మాస్టర్ నాకింకా తగల్లేదు.